ఊరి పంట, కాలువ పంట

ఊరి పంటను ఊరివారే తినవలెననియు, దూరపు ధాన్యమును దెప్పించుకొనుట భూమికి ద్రోహమనియు నేఁడు విద్యావంతులైన గృహస్థులు పలువురు చెప్పుచున్నారు. మాట వినసొంపుగానే యున్నది. కాని మన చరిత్రమును గొంచెము త్రవ్వి చూచినచో నది సగము సత్యముగా మాత్రమే కనఁబడును.

1832-33నాఁటి నందన కరవు గుంటూరు సీమను శ్మశానముగాఁ జేసెను. అప్పటి ప్రజల యాహారము చాలవఱకుఁ దమ చుట్టుపట్లఁ బండిన జొన్న, సజ్జ, వరిగలే. వాన తప్పఁగానే మన యూరి పాతరతోఁబాటు పొరుగూరి పాతరయు వట్టిపోయెను. లంబాడీల పెరిక యెద్దులమీఁద వచ్చు ధాన్యమే దిక్కు. పచ్చిక లేని త్రోవలో నెద్దెట్లు నడచును? లక్షకు మించిన జనులు మడిసిరి. వారు తిన్న తిండి మిక్కిలి స్థానికమైనదే!

1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855నాఁటి బెజవాడ ఆనకట్టయు నీ స్థితిని మార్చినవి. కాటన్ దొర కాలువలను నీటికే గాక పడవలకుఁ గూడ నుద్దేశించెను. 1876-78లో ధాత కరవున దత్తమండలములు మాఁడిపోవుచుండఁగా డెల్టాల పంట నిలిచినది. (ధాన్యముండియుఁ గొనలేక లక్షలమంది చచ్చిరన్నది వేఱొక కథ.) ఆ కరవు పనిగానే చెన్నపట్టణములో బకింగ్‌హాం కాలువకుఁ గొఱవడిన భాగమును ద్రవ్వించిరి. నీరు పల్లమునకుఁ దానే పాఱును. పడవను గాలియో, గట్టుమీఁది మనుష్యుని భుజమో లాగును. అట్లు వందల మైళ్లు పోయిన బియ్యము బొగ్గుమసి యెఱుఁగదు.

ఇఁక రెండవ వైపు. వరియన్నము గౌరవచిహ్నమై, జొన్నసంగటి పేదఱికపు గుర్తయ్యెను. 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యము ఆఁకలిని దీర్చినదనుట నిజము. మెట్టచేలు బీడుపడుటకుఁ దోడ్పడినదనుటయు నిజమే. తరువాత మెట్టలోనే వరి మొలచినది. బోరు త్రవ్వి, 2004 నుండి యుచితమైన విద్యుత్తుతో వందల యడుగుల లోఁతునుండి నీరు తోడి, ఆ మడిలో నిలువఁబెట్టుచున్నారు. ఆ విద్యుత్తులోఁ జాల భాగము సింగరేణి బొగ్గు మంటయే. నిలువనీటి మడినుండి మీథేను వాయువు వేఱుగా లేచును. ఈ వరి అచ్చముగా ఊరి పంటయే గదా! మైళ్లు లెక్కించువారు అడుగులను లెక్కింపకున్నారు.

జహీరాబాదు దగ్గఱి పస్తాపూరున 1983లో వెలసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి సంఘములలో దళిత స్త్రీలు బీళ్లను దున్ని, జొన్నలోఁ గంది మొదలగువానిని గలిపి వానమీఁదనే పండించిరి. ఆ జొన్ననే తమ యూళ్లలోఁ జవుకగా నిరుపేదలకుఁ బంచిరి. నా దృష్టిలో నిది బోరు వరికంటె మేలు. కాని యీ చేలు హైదరాబాదంత నగరమును బోషింపఁజాలవు. దానికిఁ గాలువ బియ్యము కావలసినదే.

చిరుధాన్యములను బొగడు పురుషులు మఱచునది యొకటి కలదు. కొఱ్ఱ, సామలను దంచినది స్త్రీలు. కోడికూఁతకు ముందే లేచి రోఁకలి పట్టినది వారు. మరబియ్యము వచ్చిననాఁడు వారి చేతుల కాయలు మానినవి. పొట్టుతీయు చిన్న మర ఊరికి దగ్గఱలో లేనిచోట, కొఱ్ఱలు తిరిగి వంటయింటికి రావలెనని యా యిల్లాలినడుగుటకు నాకు నోరాడదు.