కోరంగి రేవు దాటిన మనవాళ్ళు

మన సంఘ సభ్యులలో "ఏడు తరాలు" చదవనివారు కొద్దిమందే ఉంటారు. ఎలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో ప్రచురించిన "రూట్స్" పుస్తకానికి సహవాసి గారి తెలుగు అనువాదం అది. గాంబియా నుంచి గొలుసులతో అమెరికా చేరిన కుంటా కింటే కథ మన పల్లెటూరి గ్రంథాలయాలకు కూడా చేరింది. హేలీ చెప్పిన వంశవృక్షంలో కొన్ని కొమ్మలు రికార్డుల పరీక్షకు నిలవవని చరిత్రకారులు తరువాత తేల్చారు. అయినా బానిసత్వం అంటే ఏమిటో మన తరానికి తెలియజెప్పిన పుస్తకం అదే.

ఉద్యోగ విరమణ తరువాత దొరికిన తీరికలో ఆ తోవనే మరికొన్ని పుస్తకాలు చదివాను. తాను బానిసగా అమ్ముడుపోయి, పైసా పైసా కూడబెట్టి తనను తానే కొనుక్కున్న ఒలాడా ఎక్వియానో 1789లో తన జీవితకథ అచ్చువేయించాడు. ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ 1845లో వచ్చింది. చిన్నతనంలో యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పుతుంటే భర్త అడ్డుపడ్డాడు. చదువు వస్తే బానిస బానిసగా ఉండడని ఆ భర్త భయం. ఆ మాటతోనే డగ్లస్‌కు విడుదలకు దారి ఏదో అర్థమైంది. వీధి పిల్లల దగ్గర దొంగచాటుగా చదువు నేర్చుకున్నాడు.

ఈ పుస్తకాలు చదివేటప్పుడు కన్నీరు పెట్టే మనం, అది ఎక్కడో సముద్రాల అవతల జరిగిన కథ అనుకుంటాం. కాని ఆ కథలో ఒక అధ్యాయం మన గోదావరి ముఖద్వారంలోనే ఉంది. తాళ్ళరేవు దగ్గరి కోరంగి ఇప్పుడు మడ అడవులకు ప్రసిద్ధి. రెండు వందల ఏళ్ళ క్రితం అది ఓడలు కట్టే, ఓడలు ఆగే పెద్ద రేవు. ఎక్వియానో పుస్తకం వచ్చిన 1789లోనే, మనుషులను బానిసలుగా విదేశాలకు ఎగుమతి చేయరాదని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ కలకత్తాలో ప్రకటన చేశాడు. ఆ వెంటనే 1790-92లో ఉత్తర సర్కారులలో ఘోరమైన కరువు వచ్చింది. కరువులో తిండిలేని మనుషులను కొని, ఫ్రెంచివారి అధీనంలోని యానాం మీదుగా మారిషస్ దీవికి ఓడలలో పంపిన వైనం ఆనాటి చరిత్రలో ఉంది.

తరువాతి కథకు మారిషస్సే కేంద్రం. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసింది. మారిషస్‌లో అది 1835 ఫిబ్రవరి 1న అమలుకు వచ్చింది. అక్కడ సుమారు 66 వేలమంది బానిసలు ఉండేవారు. సామ్రాజ్యం మొత్తంమీద నష్టపరిహారంగా 2 కోట్ల పౌన్లు కేటాయించారు. పరిహారం బానిసలకు కాదు, యజమానులకు! అందుకు చేసిన అప్పు బ్రిటిషు ఖజానా ఖాతాలలో 2015 దాకా నడిచిందంటే, ట్రెజరీలో 34 ఏళ్ళు లెక్కలు చూసిన నాకే ఆశ్చర్యం వేసింది.

విడుదలైన బానిసలు చెరకు తోటలలో పనిచేయడానికి ఇష్టపడలేదు. యజమానుల చూపు ఇండియా మీద పడింది. 1834 నవంబరు 2న "అట్లాస్" అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను మారిషస్‌లో దింపింది. కొద్ది సంవత్సరాలలోనే కోరంగి నుంచి కూడా ఓడలు బయలుదేరాయి. అందుకే మారిషస్‌లో తెలుగువారికి "కోరంగీలు" అని పేరు పడింది. బర్మాలోనూ మనవాళ్ళను అదే పేరుతో, కొంత చులకనగా పిలిచేవారు.

ఇంత పచ్చని డెల్టా విడిచి ఎందుకు వెళ్ళారని యువకులు అడగవచ్చు. అప్పటికి డెల్టా పచ్చగా లేదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు జనాన్ని ఊడ్చేసింది. మరమగ్గాల గుడ్డ వచ్చి నేతగాళ్ళ జీవనం దెబ్బతిన్నది. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవునే ముంచేసింది. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కోరంగి నుంచి మొదటి ఓడలు ఎక్కినవారు ఆ నీళ్ళు చూడలేదు. కాలవలు వచ్చిన తరువాత పుట్టిన మనం, కాలవలు రాకముందు వెళ్ళిపోయినవారిని మరచిపోయాం.

వెళ్ళినవారు బానిసలా? కారు. ఈ తేడా నిజాయితీగా చెప్పాలి. వారిని ఎవరూ వేలం వేయలేదు, వారి పిల్లలు యజమాని ఆస్తి కాలేదు, గడువు తీరితే విడుదల ఉంది. ఈ తేడా అంతా ఒక కాగితం మీద ఉంది. ఇంగ్లీషు "అగ్రిమెంటు" కూలీల నోట "గిర్మిట్" అయింది. ఆ కాగితాన్ని ఉద్యోగులుగా బతికిన మనం మన కళ్ళతోనే చదవాలి.

దక్షిణాఫ్రికాలోని నేటాల్ సంగతి చూడండి. 1860 నవంబరు 16న "ట్రూరో" అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911 వరకు అక్కడికి వెళ్ళిన 1,52,000 మందిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. వారిలో తమిళులూ తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం 5 ఏళ్ళు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏటా ఒక షిల్లింగు పెంపు. మన భాషలో 10-1-14 స్కేలు అన్నమాట! తిండి, వసతి, వైద్యం యజమాని ఇవ్వాలి. పదేళ్ళు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. వినడానికి బాగానే ఉంది.

ఇక షరతులు చూద్దాం. పాసు లేకుండా తోట దాటితే నేరం. మనం సెలవు చీటీ ఇవ్వకుండా మానేస్తే మెమో వచ్చేది, వారికి జైలు. మారిషస్‌లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. మనకు "లాస్ ఆఫ్ పే" తెలుసు గాని, ఈ డబుల్ కోత తెలియదు. 1895లో నేటాల్ ప్రభుత్వం మరో చట్టం చేసింది. దాని ప్రకారం, గడువు తీరాక ఇండియాకు తిరిగి వెళ్ళకుండా, మళ్ళీ గిర్మిట్ రాయకుండా అక్కడే ఉండదలచినవారు ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలి. మొదటి సంవత్సరపు జీతం మొత్తం 6 పౌన్లే. అంటే ఆ లెక్కన ఆరు నెలల జీతం పన్ను! కాగితం మీద స్వేచ్ఛ ఉంది, దాని ధర కూడా ఆ కాగితం మీదే ఉంది. సంతకం స్థానంలో నిశానీ పెట్టిన మనిషికి అది చదివి చెప్పినవాడు అతన్ని ఓడ ఎక్కించి కమీషను పుచ్చుకునే మేస్త్రీ.

అయితే వెళ్ళినవారందరూ అమాయకంగా మోసపోయినవారే అనుకోవడం కూడా వారిని తక్కువ చేయడమే. ఊళ్ళో తండ్రి అప్పుకు కొడుకు పాలేరుగా కుదిరే రోజులవి. మనదేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో, అంటే "రూట్స్" అచ్చయిన సంవత్సరంలో! అటువంటి చాకిరీలో ఉన్నవాడికి ఐదేళ్ళ గడువు అన్న మాటే ఒక ఆశగా కనిపించి ఉంటుంది.

వారు ఊరుకోలేదు కూడా. 1871లో మారిషస్‌లోని పాత కూలీలు డి ప్లెవిట్జ్ అనే యూరపు తోట నిర్వాహకుని సాయంతో గవర్నరుకు మహజరు పెట్టుకున్నారు. దానిమీద 9,401 మంది పేర్లున్నాయి. మహజర్లు రాసి రాసి అలసిన మన సంఘంవారికి ఆ అంకె విలువ తెలుస్తుంది. దాని ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారణ జరిపింది. నేటాల్‌లో 1913లో గాంధీజీ పిలుపుపై గనుల కూలీలు, తోటల కూలీలు సమ్మె కట్టారు. 1914లో 3 పౌన్ల పన్ను రద్దయింది. 1917లో ఇండియా నుంచి ఈ గిర్మిట్ ఎగుమతే ఆగిపోయింది.

మారిషస్ తెలుగువారు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పారిపోయిన ఆఫ్రికన్ బానిసలు తలదాచుకున్న లె మోర్న్ కొండకు 2008లో అదే గౌరవం దక్కింది. ఒకే దీవిలో ఇద్దరి బాధకూ ఆనవాళ్ళు నిలిచాయి.

అయితే ఒక వెలితి ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ ఎక్వియానో, డగ్లస్ తమ కథ తామే రాసుకున్నారు. కోరంగి నుంచి వెళ్ళినవారి తొలి తరంలో అటువంటి పుస్తకం మనకు లేదు. ఉన్నవి రిజిస్టర్లే. అంకె, పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ వంటిదే. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వారు ఆ రికార్డులను భద్రపరిచారు. ఆ పేజీలే మనవాళ్ళ ఆత్మకథలు.

ఇదంతా గతం అనుకోవద్దని మనవి. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళే ఆడపడుచులు మన వీధుల్లోనే ఉన్నారు. అక్కడ యజమాని పూచీ మీదే వీసా. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉండిపోయిన కథలు మనం వింటూనే ఉన్నాం. గిర్మిట్ కాలంలో పుట్టిన "ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్" అనే హోదా 1983 నాటి వలసల చట్టంలోనూ అదే పేరుతో కొనసాగింది.

కాబట్టి మిత్రులకు రెండు విజ్ఞప్తులు. మీ కుటుంబంలో రంగూన్, మారిషస్, నేటాల్ వెళ్ళినవారి ఉత్తరంగాని, ఫొటోగాని, పెద్దలు చెప్పిన మాటగాని ఉంటే తేదీలతో రాసి సంఘం కార్యాలయానికి పంపండి. ఇక రెండవది ముఖ్యమైనది. మీ వీధిలో ఎవరైనా గల్ఫ్ ప్రయాణం పెట్టుకుంటే, ఆ అగ్రిమెంటు కాగితం తెప్పించుకుని అరగంట కూర్చుని, జీతం ఎంత, పని ఏమిటి, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, తిరుగు టికెట్టు ఎవరిది అన్నవి ఒక్కొక్కటిగా చదివి చెప్పండి. కాగితాలు చదవడం మనకు జీతమిచ్చి నేర్పిన విద్య. ఆనాడు కోరంగి రేవులో అటువంటి మనిషి కూలీల పక్షాన ఒక్కడు ఉన్నా బాగుండేది.