ఇండక్షన్ స్టవ్ పాత్రలు

విద్యుదయస్కాంత ప్రేరణతో పనిచేసే పొయ్యిపై వంటకు అనువైన, అడుగున అయస్కాంతానికి అంటుకునే లోహం ఉన్న పాత్రలు.

పనిచేసే తీరు: గాజు పలక కింది రాగి తీగచుట్టలో అధిక పౌనఃపున్య విద్యుత్తు ప్రవహించి, అనుక్షణం మారే అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తుంది. అది పాత్ర అడుగులో సుడి ప్రవాహాలను పుట్టించడంతో పాత్రే వేడెక్కుతుంది. పలకకు వేడి పాత్ర నుంచే సోకుతుంది.

లోహాలు: ఇనుప పెనం, పోత ఇనుము పాత్రలు, ఎనామిల్ పూసిన ఉక్కు గిన్నెలు బాగా పనిచేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 430 రకం అయస్కాంతానికి అంటుకుంటుంది. నికెల్ ఎక్కువగా ఉండే 304 రకం సాధారణంగా అంటుకోదు. రాగి, ఇత్తడి, మట్టి, గాజు, మామూలు అల్యూమినియం పాత్రలు పనికిరావు. అల్యూమినియం కుక్కరైతే అడుగున ఉక్కు పొర అతికించిన 'ఇండక్షన్ బేస్' రకమే తీసుకోవాలి.

ఎంపిక: ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని పాత్ర అడుగున పెట్టి చూడాలి, గట్టిగా పట్టుకుంటే పనికొస్తుంది. అడుగు చదునుగా, మందంగా ఉండాలి. పలుచటి అడుగు వంగిపోతుంది, కూర త్వరగా అడుగంటుతుంది. గుండ్రటి మూకుడు మామూలు ఇండక్షన్ స్టవ్‌పై సరిగా వేడెక్కదు. అడుగు వెడల్పు పలకపై గీసిన వలయానికి దగ్గరగా ఉండాలి. మరీ చిన్న గిన్నెను చాలా స్టవ్‌లు గుర్తించవు.