ఆ కలర్ రోలు ఇటివ్వు!

1968 డిసెంబర్ 24. హ్యూస్టన్‌లో ఉదయం పదిన్నర దాటింది. మన గడియారాల్లో రాత్రి పది. చంద్రుడి చుట్టూ నాలుగోసారి తిరుగుతున్న అపోలో-8లో ముగ్గురున్నారు. కమాండర్ ఫ్రాంక్ బోర్మన్ నౌకను మెల్లగా పక్కకు దొర్లిస్తున్నాడు. బిల్ ఆండర్స్ పక్క కిటికీ దగ్గర చేరి చంద్రుడి మీది గోతులను వరసగా ఫొటోలు తీస్తున్నాడు. చేతిలో హాసెల్‌బ్లాడ్ కెమెరా, ముందు 250 ఎం.ఎం. లెన్సు, వెనక బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము. బూడిదరంగు నేలకు అంతకుమించి ఏం కావాలి?

ఉన్నట్టుండి ఆ బూడిదరంగు అంచు మీదుగా నీలం, తెలుపు కలిసిన గోళం పైకి లేచింది.

"దేవుడా! అటు చూడండి! భూమి పైకొస్తోంది. ఎంత బాగుందో!"

"అది తీయకు, షెడ్యూల్లో లేదు" అన్నాడు బోర్మన్ పరాచికంగా. ఆండర్స్ నవ్వాడు. ఉన్న ఫిల్ముతోనే ఒకటి తీసేశాడు. ఆ వెంటనే అరిచాడు: "జిమ్, కలర్ ఫిల్ముందా? ఆ కలర్ రోలు ఇటివ్వు, త్వరగా!"

జిమ్ లోవెల్ వెతుకుతున్నాడు. "ఎక్కడుంది?"

"ఏదో ఒక కలర్. బయటి దృశ్యాలకు వాడేది. తొందరగా!"

"చూస్తున్నా... సీ 368."

"ఏదైనా సరే. తే!"

ఈ మాటలన్నీ నౌకలోని టేపు రికార్డరులో నమోదయ్యాయి. పైకొస్తున్న ఆ భూమి ఫొటో తీసింది తానేనని బోర్మన్ చాలాకాలం చెప్పుకొచ్చాడు. టేపును, నౌక కదలికను పక్కపక్కన పెట్టి 2013లో నాసా చేసిన పునర్నిర్మాణంలో ఆ కాసేపట్లో మీట నొక్కినవాడు ఆండర్సేనని తేలింది.

లోవెల్ అందించినది ఎక్టాక్రోమ్. 70 ఎం.ఎం. వెడల్పు, వేగం ఏఎస్ఏ 64, కలర్ స్లైడ్ ఫిల్ము. ఆ కెమెరాకు ఫిల్ము పెట్టె పెట్టెగానే మారుతుంది. లోపలి లోహపు పలక మూసి ఉంటేనే విప్పాలి, లేదంటే వెలుగు పడిన ఫిల్ము పాడవుతుంది. తీరా పెట్టె మారేసరికి కిటికీలోంచి భూమి తప్పుకుంది. "పోయిందనుకుంటా" అన్నాడు ఆండర్స్ దిగులుగా. "ఇదిగో, ఇక్కడ కనిపిస్తోంది!" అన్నాడు లోవెల్ ఇంకో కిటికీ దగ్గర్నుంచి. నౌకకున్న అయిదు కిటికీల్లో మూడింటికి సీలు నుంచి వెలువడిన ఆవిర్లతో మసక పట్టింది. ఆండర్స్ బాగా కనిపించే కిటికీకి జరిగాడు. లోవెల్ ఆగలేకపోతున్నాడు. "చాలా తీయి, చాలా తీయి! ఇలా ఇవ్వు నాకు!"

అప్పుడు ఆండర్స్ అన్న మాట నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. "ఒక్క నిమిషం. సెట్టింగ్ సరిచూసుకోనివ్వు. నిదానించు."

ఎందుకు నిదానించాలి? నెగటివ్ ఫిల్ములో వెలుతురు కాస్త ఎక్కువ తక్కువైనా ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడుకు ఆ రెండో అవకాశం లేదు. కెమెరాలో తిరిగిన ఫిల్మే ఫొటో. అర స్టాపు తేడా వచ్చినా కంటికి తెలిసిపోతుంది (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో, సగమో కావడం). వెలుతురు ఎక్కువైన చోట రంగంతా కరిగిపోయి వట్టి పారదర్శకమైన ఫిల్ము మిగులుతుంది, అక్కడ మేఘం ఉండేదని చెప్పే ఆనవాలు కూడా ఉండదు. తక్కువైతే మాత్రం నీడల అడుగున వివరం కొంతైనా దక్కుతుంది. అందుకే స్లైడు తీసేవాళ్లు దృశ్యంలో అన్నిటికన్నా తెల్లగా ఉన్నదాన్ని చూసి లెక్క కడతారు. ఇక్కడ చంద్రుడి నేల బొగ్గుకు దగ్గరి రంగు. ఆకాశం కటికనలుపు. మేఘాలు కప్పిన భూమి మాత్రం ధగధగలాడుతోంది. నేలను చూసి లెక్క కడితే భూమి తెల్లటి మచ్చగా మిగిలేది. ఈ వేగం ఫిల్ముకు ఎండలో మామూలు లెక్క లెన్సు రంధ్రం ఎఫ్/11 దగ్గర, షట్టరు సెకనులో 125వ వంతు. ఫొటో తీసింది దానికన్నా ఒక స్టాపు తక్కువలో. టేపులో లోవెల్ గొంతు వినిపిస్తుంది: "రెండు వందల యాభై, ఎఫ్ పదకొండు."

"ఎక్స్‌పోజర్ కాస్త మార్చి కూడా తీయి" అన్నాడు లోవెల్.

"తీశా. రెండు తీశా."

ఆ రెండింట్లో మొదటిదే లోకమంతా ఎర్త్‌రైజ్ అని పిలుచుకునే ఫొటో.

డిసెంబర్ 27న నౌక పసిఫిక్‌లో దిగింది. ఫిల్ము హ్యూస్టన్ ల్యాబుకు చేరింది. స్లైడు కడగడంలో మొదటి డెవలపర్ దగ్గరే ప్రాణమంతా ఉంది. దాని వేడి ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా, సమయం తప్పినా ఫొటో వెలుగునీడలు మారిపోతాయి. చంద్రుడి దాకా వెళ్లొచ్చిన రోలును ఆ ద్రావణంలోకి దించిన చేతుల గురించి ఎవరూ రాయరు. ఆండర్స్‌కు ఇచ్చిన గౌరవంలో వాళ్లకూ వాటా ఉండాలని నా అభిప్రాయం.

అసలు ఫిల్ము ఇప్పటికీ హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో ఉంది, మైనస్ 18 డిగ్రీల చలిలో. కలర్ ఫిల్ములోని రంగులు చీకట్లో పెట్టినా వాటంతటవే క్షీణిస్తాయి. వేడి, తేమ ఆ క్షీణతను తొందరపెడతాయి, చలి ఆపినంత పని చేస్తుంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు స్కాన్ చేసినప్పుడు ఫిల్మును ఫ్రీజరులోంచి నేరుగా గదిలోకి తేలేదు. ముందు ఫ్రిజ్‌లోకి, తర్వాత గది వేడికి, అంచెలంచెలుగా తెచ్చారు. చల్లటి ఫిల్ముకు ఒక్కసారిగా గాలి తగిలితే దాని మీద నీరు పేరుకుంటుంది.

ఇది నాసాకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. డెబ్బైల్లో, ఎనభైల్లో అమెరికా వెళ్లిన మేనమామలు, అన్నయ్యలు పంపిన స్లైడు పెట్టెలు మన ఇళ్లలో అటక మీద మగ్గుతున్నాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలిలోని తేమకు ఫిల్ము మీది జెలటిన్ పొరకు బూజు పడుతుంది. అది రంగును తినేస్తే తిరిగి రాదు. అటక ఎండాకాలంలో కొలిమి, స్లైడులకు అంతకన్నా చెడ్డచోటు లేదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని, పొడి గదిలోకి మార్చండి. పీవీసీ కవర్లు తీసేసి పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తేమ పీల్చుకోగానే మార్చండి. పట్టుకునేటప్పుడు అట్ట అంచులే పట్టుకోండి. వేలిముద్ర పడిన చోట బూజు తేలిగ్గా మొదలవుతుంది. ప్రొజెక్టరు దీపం కూడా రంగులను వెలిసిపోయేలా చేస్తుంది, అందుకే పండక్కి పిల్లలకు గోడ మీద చూపించాలనుకుంటే ముందు స్కాన్ చేయించండి.