స్థూలకాయ శస్త్రచికిత్సలు: రకాలు, తారతమ్యాలు

జీర్ణాశయం పరిమాణాన్ని తగ్గించో, ఆహారం ప్రేగుల గుండా సాగే దారిని మళ్లించో, లేదా ఆ రెండూ చేసో శరీర బరువును, బరువుతో ముడిపడిన వ్యాధులను అదుపులోకి తెచ్చే శస్త్రచికిత్సలన్నిటినీ కలిపి బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు అంటారు. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగివేసే లైపోసక్షన్ వీటిలోకి రాదు. అది ఆకృతిని మారుస్తుందే తప్ప ఆకలిని గానీ మధుమేహాన్ని గానీ మార్చదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 30 శాతం స్త్రీలు, 32 శాతం పురుషులు అధిక బరువుతో ఉండగా, హైదరాబాద్ జిల్లా స్త్రీలలో ఆ వాటా సగానికి చేరింది. మూసాపేట, కూకట్‌పల్లిలలో నివసిస్తూ హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాల్లో రోజంతా కూర్చుని పనిచేసే ఐటీ ఉద్యోగుల పరిస్థితి మరింత ఆందోళనకరం. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 71 శాతం మందికి స్థూలకాయం, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకోవడం కనిపించాయి. వీరందరికీ శస్త్రచికిత్స అవసరమని దీని అర్థం కాదు. అవసరమైన కొద్దిమందికి మాత్రం ఏ శస్త్రచికిత్స తగినదన్నది జీవితకాలపు ప్రశ్న.

అర్హతను సాధారణంగా బీఎంఐతో, అంటే కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్యతో నిర్ణయిస్తారు. తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వచ్చే స్వభావం ఆసియా ప్రజల్లో ఎక్కువ కనుక, వారికి బీఎంఐ 27.5 నుంచే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చని 2022లో రెండు ప్రధాన శస్త్రవైద్య సంఘాలు సూచించాయి. భారతదేశంలోని ఆరోగ్య బీమా ప్రామాణిక నిబంధన మాత్రం బీఎంఐ 40, లేదా అదుపుకాని మధుమేహం, తీవ్రమైన నిద్రా శ్వాసావరోధం, హృద్రోగం వంటివి ఉంటే 35 ఉండాలంటుంది. 165 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి విషయంలో మొదటి హద్దు సుమారు 75 కిలోలు, బీమా హద్దులు 109, 95 కిలోలు. ఈ అంతరం వల్ల వ్యాధి ముదిరే దాకా వేచి ఉండవలసిన స్థితి ఏర్పడడం విచారకరం.

ఈ రంగానికి పునాది వేసినది 1960లలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మేసన్ రూపొందించిన గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగానికి సిలికోన్ పట్టీ బిగించే బ్యాండ్ పద్ధతి ఒకప్పుడు విస్తృతంగా ప్రచారం పొందినా, పట్టీ జారడం, లోపలికి కోసుకుపోవడం, బరువు తిరిగి పెరగడం వల్ల చాలా చోట్ల వెనుకబడింది.

నేడు అత్యధికంగా జరిగేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో లాపరోస్కోపీ ద్వారా, అంటే చిన్న రంధ్రాల గుండా పంపిన కెమెరా, పరికరాల సాయంతో, జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతుల భాగాన్ని నిలువుగా కోసి తీసివేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారపు సన్నని గొట్టం. ఆకలిని రేపే గ్రెలిన్ హార్మోనును అధికంగా తయారుచేసే పైభాగం తొలగిపోవడం వల్ల ఆకలి తగ్గుతుంది. ప్రేగులను తాకరు కనుక విటమిన్ల లోపం కొంత తక్కువ. అయితే కోసి తీసిన భాగాన్ని తిరిగి అమర్చే వీలు లేదు. లోపలి ఒత్తిడి పెరిగి ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నే బాధ కొందరిలో కొత్తగా మొదలవుతుంది. స్లీవ్‌ను తేలికపాటి శస్త్రచికిత్సగా వర్ణించడం సరికాదు.

రూ ఎన్ వై గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని వేరుచేసి, చిన్నప్రేగును కోసి దాని కింది కొసను ఆ సంచికి కలుపుతారు. పైత్యరసం, క్లోమరసం వచ్చే కొసను మరికొంత దిగువన కలపడంతో వై ఆకారం ఏర్పడుతుంది. ఆహారం వేగంగా చిన్నప్రేగు దిగువ భాగానికి చేరడం వల్ల ఇన్సులిన్ స్రావానికి తోడ్పడే జీఎల్‌పీ-1 హార్మోను పెరిగి, బరువు గణనీయంగా తగ్గకముందే రక్తంలో చక్కెర దిగుతుంది. ఆమ్లబాధ ఉన్నవారికి ఇది మేలైనది. దీని చిక్కులు వేరు: తీపి తిన్న కొద్దిసేపటికే గుండెదడ, చెమట, నీరసం కలిగించే డంపింగ్, ప్రేగు లోపలి సందులోకి జారి మెలికపడే ప్రమాదం, పొగతాగేవారిలో అతుకు దగ్గర పుండ్లు, ఐరన్, బి12, కాల్షియం లోపాలు.

మినీ బైపాస్ అనే ఒకే అతుకు బైపాస్‌ను 1997లో అమెరికాకు చెందిన రాబర్ట్ రట్లెడ్జ్ ప్రవేశపెట్టగా, భారతదేశంలో అది ఆదరణ పొందింది. రెండు అతుకులకు బదులు ఒక్కటే ఉండడంతో శస్త్రచికిత్స త్వరగా ముగుస్తుంది, కాని పైత్యరసం సంచిలోకి ఎగదన్నవచ్చు. 2019లో ఫలితాలు వెలువడిన ఫ్రాన్స్‌లోని యోమెగా పరీక్షలో రెండేళ్ల తర్వాత బరువు తగ్గుదలలో ఇది రూ ఎన్ వై బైపాస్‌కు తీసిపోలేదు గాని, విరేచనాలు, పోషకాహార లోపం ఎక్కువగా నమోదయ్యాయి. పప్పుధాన్యాలు, పాలపదార్థాలపైనే మాంసకృత్తుల కోసం ఆధారపడే శాకాహార కుటుంబాలవారు ఈ విషయాన్ని తప్పక పరిగణించాలి. ప్రేగులో అధికభాగాన్ని దాటవేసే డ్యుయోడినల్ స్విచ్ అన్నిటికన్నా ఎక్కువ బరువు తగ్గించినా, దాని పోషకాహార ప్రమాదాలు కూడా అంతే పెద్దవి.

దీర్ఘకాల పోలికకు ఫిన్లాండ్‌లో 240 మందిపై జరిగిన స్లీవ్‌పాస్ పరీక్ష బలమైన ఆధారం. పదేళ్ల తర్వాత అదనపు బరువులో స్లీవ్ వర్గం సుమారు 44 శాతం, బైపాస్ వర్గం 51 శాతం కోల్పోగా, అన్నవాహిక వాపు స్లీవ్ వర్గంలో 31 శాతం మందికి, బైపాస్ వర్గంలో 7 శాతం మందికి కనిపించింది. కిలోలలో తేడా చిన్నదే; వ్యక్తికి ముందే ఉన్న ఆమ్లబాధ, మధుమేహం, మందులు, గర్భధారణ ఆలోచన వంటివే ఎంపికను నిర్ణయించడం సమంజసం.

శస్త్రచికిత్స తర్వాత తొలి వారాల్లో ద్రవాహారం, ఆపై మెత్తగా ఉడికించిన పప్పు, పెరుగు, గుడ్డు వంటివి ఇస్తూ, రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందేలా చూస్తారు. అన్నం కన్నా ముందు పప్పు, కూర తినడం, భోజనంతో కాక విడిగా నీళ్లు తాగడం అలవాటు కావాలి. గర్భధారణను ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు వాయిదా వేయమంటారు. విటమిన్ మాత్రలు, ఏటా రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు కనుక, క్రమం తప్పక చేరగల ఆసుపత్రిని ఎంచుకోవడం ముఖ్యం. ఈ చికిత్స కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితం కాదు. 2023లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వైద్యులు సుమారు 240 కిలోల బరువున్న యువకుడికి ఈ శస్త్రచికిత్స చేశారు.

2025లో భారతీయ విపణిలోకి వచ్చిన టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఈ చర్చకు కొత్త కోణాన్ని తెచ్చాయి. అవి గణనీయంగా బరువు తగ్గించినా, ఆపితే చాలామందిలో బరువు తిరిగి పెరుగుతుంది; అందువల్ల కొందరు వైద్యులు శస్త్రచికిత్సకు ముందు ప్రమాదాన్ని తగ్గించేందుకు, తర్వాత తిరిగి పెరిగిన బరువును దించేందుకు వాటిని వాడుతున్నారు.