శవం ఎక్కడుందో తెలిశాక

క్రైమ్ కథ అయిపోయాక మనవాళ్ల నోట వచ్చే ప్రశ్నలు రెండు. ‘‘అదెలా కుదురుతుందండీ?’’ అనేది ఒకటి. ‘‘అంతేనా? దానికే వదిలేశారా?’’ అనేది రెండోది. మొదటిది నమ్మకం గొడవ, రెండోది తృప్తి గొడవ. రెండింటినీ కలిపేసి వాదించుకోవడం వల్లే ఈ చర్చలు ఎంతకీ తెమలవు. నమ్మించిన ముగింపు మనసుకు ఆనకపోవచ్చు. ఏమాత్రం నమ్మశక్యం కానిది హాయిగా ఇంటికి పంపొచ్చు. ఈ రెండూ ఎప్పుడు కలిశాయి, ఎప్పుడు విడిపోయాయి అని వెతుక్కుంటూ పోతే క్రైమ్ కథల చరిత్ర చాలావరకు కళ్లముందుకొస్తుంది. (ముగింపుల గురించే రాస్తున్నాను కనుక వాటిని దాచడం కుదరదు. ‘దృశ్యం’ ఇంకా చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.)

మొదలు మన దగ్గరే ఉంది. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ పది అంకాల నాటకం. తొమ్మిదో అంకమంతా న్యాయస్థానమే. రాజు బావమరిది శకారుడు తోటలో వసంతసేన గొంతు నులిమి, చచ్చిపోయిందనుకుని ఆకులు కప్పేసి, ఆ హత్యను చారుదత్తుడి నెత్తిన పెడతాడు. విచారణ నడుస్తుండగానే చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడి చంకలోంచి వసంతసేన నగలు జారి నేలమీద పడతాయి. తోటకు వెళ్లి చూసొచ్చిన వీరకుడు, అక్కడ ఒక ఆడమనిషి శవాన్ని జంతువులు పీక్కుతింటున్నాయని చెబుతాడు. అది వేరే ఎవరి శవమో. నగలున్నాయి, శవముంది, డబ్బు కోసమే చంపాడన్న ఆరోపణ ఉంది. ఇంకేం కావాలి? మరణశిక్ష పడుతుంది. తీరా వధ్యస్థానంలో కత్తి ఎత్తాక, బతికున్న వసంతసేన పరుగెత్తుకొస్తుంది.

విడిగా చెబితే ఇది ఎవరూ నమ్మరు. కానీ ఆకుల కింద కదలిక చూసి, తన తడిబట్ట పిండి ఆమె మొహాన నీళ్లు పోసి బతికించిన బౌద్ధ భిక్షువు దారినపోయే దానయ్య కాదు. జూదంలో ఓడి తన్నులు తింటున్నప్పుడు వసంతసేన కడియం పంపి అప్పు తీర్చి కాపాడిన సంవాహకుడు. ఎనిమిదో అంకంలో ఆమె ప్రాణం నిలబెట్టింది రెండో అంకంలో ఆమె చేసిన పనే. మొదట నాటేదాన్ని మన నాట్యశాస్త్రం బీజం అంది. కథ కొలిక్కి వచ్చే చివరి సంధిని నిర్వహణం అంది. ఆ సంధిలో అద్భుత రసం ఉండాలని కూడా చెప్పింది. అద్భుతమంటే ఆకాశం నుంచి ఊడిపడేదని నేననుకోను. మన కళ్లముందు నాటిన విత్తు మనం మరిచిపోయాక మొలకెత్తితే కలిగే ఆశ్చర్యం అది. అయితే చివర్లో శకారుణ్ణి వదిలేయమని చారుదత్తుడు అనడం మాత్రం ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు. చారుదత్తుడు అలాగే అంటాడని నమ్ముతాను, తృప్తి మాత్రం కలగదు.

గురజాడ 1909లో తిరగరాసి అచ్చువేసిన ‘కన్యాశుల్కం’లోనూ హత్యకేసు ఉంది. అక్కడ అసలు శవమే లేదు. లుబ్ధావధాన్లు పెళ్లాడిన ‘పిల్ల’ కరటకశాస్త్రి శిష్యుడు. ఆడవేషం తీసేసి తన దారిన తాను పోయాడు. ముసలాయన మెడకు ఖూనీ చుట్టుకుంది. నిజం మనకు ముందే తెలుసు. తెలియాల్సినవాళ్లకు ఎవరు చెబుతారన్నదే మిగిలింది. గురజాడ ఆ పనికి కొత్త సాక్షిని ఎక్కణ్నుంచీ తేలేదు, మొదటి నుంచీ ఉన్న మధురవాణినే మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి పంపాడు.

పడమటి దేశాల్లో డిటెక్టివ్ కథ 1841లో ఎడ్గార్ ఎలన్ పోతో మొదలైందంటారు. పారిస్‌లో తలుపులు బిగించిన గదిలో ఇద్దరు ఆడవాళ్లు చనిపోతే, చంపింది ఒరాంగుటాన్ అని తేల్చాడాయన. ఆధారాలిచ్చాడు, కాదనను. అయినా అది మనిషి ఊహకందే జవాబు కాదు. కానన్ డాయల్ 1893 డిసెంబరులో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసేశాడు. పాఠకులు ఊరుకోలేదు. పదేళ్లకు, 1903లో, హోమ్స్ తిరిగొచ్చాడు. జపాను కుస్తీ పట్టొకటి తెలుసు కనుక మొరియార్టీ ఒక్కడే పడ్డాడని సంజాయిషీ. ఆ సంజాయిషీలో పస లేదు. జనానికి అది పట్టనూ లేదు. హోమ్స్ వచ్చాడు, అదే చాలు. తృప్తి కోసం నమ్మకాన్ని సంతోషంగా వదులుకున్నారు.

1926లో అగాథా క్రిస్టీ రోజర్ ఆక్రాయిడ్ హత్య నవలలో కథ చెబుతున్నవాడే హంతకుడని తేల్చేసరికి మోసమన్నవాళ్లున్నారు, మహాద్భుతమన్నవాళ్లున్నారు. మూడేళ్లకు రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనబడాలన్నది వాటిలో మొదటిది. మళ్లీ బీజం దగ్గరికే వచ్చారు.

తెలుగులో ఈ రుచి మరిగించినవాళ్లలో కొమ్మూరి సాంబశివరావు ముందుంటారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా అమ్మకు ఇంటిమనుషుల్లాంటివాళ్లు. అద్దె లైబ్రరీ నుంచి రోజుకు పది పైసలకు నవల తెచ్చుకునేది. ఒకసారి చివరి నాలుగు పేజీలూ ఎవరో చింపేసిన పుస్తకం వచ్చింది. అమ్మ పప్పు ఎనుపుతూ ముగింపు తనే కట్టింది: ఫలానావాడే చంపాడు, ఎందుకంటే మొదటిరోజు వాడి చెప్పులకు బురద లేదు. కొన్నేళ్లకు పూర్తి ప్రతి దొరికింది. హంతకుడు వాడు కాదు, చివర్లో కొత్తగా దిగిన ఒక కవల సోదరుడు. అమ్మ పుస్తకం మూసి, ‘‘నాదే బాగుంది’’ అంది. బాగున్నది అమ్మదే.

ఇదంతా రచయితకూ చదువరికీ మధ్య తగవు. హాలీవుడ్‌లో మూడోవాడు దూరాడు. 1930లో రాసుకుని, 1934 నుంచి గట్టిగా అమలు చేసిన ప్రొడక్షన్ కోడ్ ప్రకారం నేరం చేసినవాడు తెరమీద శిక్ష తప్పించుకోకూడదు. దాని ఫలితం చూడాలంటే 1956 నాటి ‘ది బ్యాడ్ సీడ్’ చూడాలి. ఎనిమిదేళ్ల రోడా హంతకురాలు. నవలలో, నాటకంలో తల్లి ఆ పిల్లకు నిద్రమాత్రలు మింగించి తనను తాను కాల్చుకుంటుంది. తల్లి పోతుంది, పిల్ల బతుకుతుంది. ఏమీ తెలియని తండ్రి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంటుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కోడ్ దీన్ని ఒప్పుకోదు. సినిమాలో తల్లిని బతికించారు. రోడా వానలో చెరువు గట్టున చెక్కల వంతెన మీదికి వెళుతుంది, పిడుగు పడి చనిపోతుంది. అంతటితో ఊరుకోలేదు. నటీనటులను ఒక్కొక్కరినే పరిచయం చేసి, ఆఖర్న తల్లి వేసినావిడ ఆ పిల్లను ఒళ్లో బోర్లా వేసుకుని పిర్రల మీద కొట్టినట్టు చూపించారు. శిక్ష పడింది. నమ్మకమూ పోయింది, తృప్తీ దక్కలేదు. శిక్ష వేయడమూ లెక్క తీరడమూ ఒకటేననుకున్నారు, అక్కడే పొరబడ్డారు. 1968లో కోడ్ పోయింది. మన సినిమాల్లో మాత్రం ఆఖరి రీల్లో పోలీసు జీపు చాలాకాలం ఆగకుండా వచ్చింది.

టీవీ సీరియల్ ఈ తగవును ఇళ్లలోకి తెచ్చింది. ఏళ్ల తరబడి చూసినవాడికి ముగింపు మీద హక్కుంటుంది మరి. 2007 జూన్ 10న ‘ది సొప్రానోస్’ చివరి ఎపిసోడ్‌లో మాఫియా నాయకుడు హోటల్లో భార్యతో, కొడుకుతో కూర్చుని ఉల్లి వేపుళ్లు తింటూ, తలుపు తెరుచుకున్న చప్పుడుకు తలెత్తుతాడు. తెర నల్లబడిపోతుంది. కేబుల్ పోయిందనుకున్నారు చాలామంది. చచ్చాడా, బతికాడా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నా మటుకు నాకు అది నమ్మదగ్గ ముగింపే. ప్రతి తలుపు చప్పుడుకూ తలెత్తే బతుకు వాడిది.

ఇక ‘దృశ్యం’. జీతు జోసెఫ్ 2013 డిసెంబరులో మలయాళంలో తీశాడు. 2014 జులైలో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేష్, మీనా, నదియాలతో తెలుగులోకి వచ్చింది. కూతురి స్నానం వీడియో తీసి బెదిరించిన కుర్రాడు ఇంట్లో దెబ్బ తగిలి చనిపోతాడు. వాడి తల్లి పోలీసు పెద్ద. కేబుల్ టీవీ నడుపుకునే తండ్రి శవాన్ని దాచి, ఇంటిల్లిపాదికీ ఒకే అబద్ధం నేర్పిస్తాడు. పెరట్లో తవ్వితే జంతువు కళేబరం దొరుకుతుంది. చివర్లో సంతకం పెట్టి కొత్త పోలీస్ స్టేషన్ నుంచి బయటికి నడుస్తుంటే, ఆ రాత్రి అదే కట్టడంలోంచి పార పట్టుకుని వస్తున్న అతను మనకు కనిపిస్తాడు. శవం ఆ గచ్చు కింద ఉంది.

ఇది కుదిరే పనేనా అని మా వీధిలో ఇళ్లు కట్టే మేస్త్రీని అడిగాను. ‘‘పునాదుల్లో పోసిన మట్టి ఎలాగూ వదులుగానే ఉంటది సార్. రాత్రికి రాత్రి ఎవడైనా తవ్వి పూడిస్తే పొద్దున మేం దాన్నే దిమ్మిస కొట్టి పైన కాంక్రీటు పోసేస్తాం. ఎవడు చూస్తాడు?’’ అన్నాడు. స్టేషన్ కడుతున్నారన్న సంగతి సినిమా మనకు ముందే చెప్పింది. మనమే పట్టించుకోలేదు.

తర్వాత ఆ కథ దేశాలు తిరిగింది. 2015లో తమిళ ‘పాపనాశం’లో కమల్‌హాసన్ చనిపోయిన కుర్రాడి తల్లిదండ్రుల ముందు ఏడ్చేస్తాడు. 2019 చైనా సినిమా ‘షీప్ వితౌట్ ఎ షెపర్డ్’లో తండ్రి నేరం ఒప్పుకుని జైలుకు పోతాడు. 1934 నాటి కోడ్ మరో దేశంలో మళ్లీ లేచి కూర్చున్నట్టే ఉంది.

‘దృశ్యం 2’ మలయాళంలో 2021 ఫిబ్రవరిలో, తెలుగులో అదే ఏడాది నవంబరు 25న నేరుగా ఓటీటీలోకి వచ్చాయి. పోలీసులు స్టేషన్ తవ్వి ఎముకలు తీస్తారు. డీఎన్ఏ పరీక్షలో అవి ఆ కుర్రాడివి కావని తేలుతుంది. తండ్రి వాటిని మార్చేశాడు. ఎలాగో చెప్పేది అతని దగ్గర కథ విన్న సినిమా రచయిత. ఆ ఏర్పాట్లన్నీ ఏళ్లుగా జరిగాయని మనకు తెలిసేది అప్పుడే. మొదటి భాగంలో విత్తు మన ఎదుట నాటారు. రెండో దాంట్లో కోతయ్యాక విత్తు చూపించారు. అందుకే అది ఆశ్చర్యపరిచినంతగా నన్ను నమ్మించలేదు.

మేం ఇంట్లో కూర్చుని చూశాం. నాన్న రెవెన్యూ ఆఫీసులో చేసి రిటైరయ్యారు, పూడ్చిన శవాలు తీయించేటప్పుడు తహసీల్దార్ పక్కన నిలబడి పంచనామాలు రాసిన మనిషి. ‘‘లక్క సీలేసి, చీటీ మీద పంచులు సంతకాలు పెట్టాక ఎముక మారిస్తే అక్కడ తెలియదా?’’ అని సినిమాను రెండుసార్లు ఆపించారు. ఆయన మాట నిజమే.

చివర్లో ఆ తండ్రి అసలు అస్థికలు కుర్రాడి తల్లిదండ్రులకు చేరేలా చేస్తాడు. వాళ్లు నదిలో కలుపుతారు. ‘‘సీలు సంగతి మీరు చూసుకోండి. ఆ తల్లికి బూడిదైనా దక్కింది’’ అని అమ్మ కళ్లు తుడుచుకుంది. నాన్న ఈసారి ఆపమనలేదు.