పందికొక్కు సముద్రం దాటిన కథ

ఖమ్మం దాటి భద్రాచలం దారి పట్టి, అడవి అంచు వరిమడుల్లో ఎవర్నడిగినా గట్టుకు బొక్క పెట్టేదెవరో చెబుతారు: పందికొక్కు. కొక్కు అంటే పెద్ద ఎలుక. కోపమొస్తే పందిలా గురగురమంటుంది, వీపు మీది బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అందుకే ఆ పేరు.

ఈ తెలుగు మాటే తెల్లదొరల నోట ‘బ్యాండికూట్’ అయింది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దాన్నే లాటిన్ తీరున దిద్ది, ఈ ఎలుకల ప్రజాతికి ‘బ్యాండికోటా’ అని పేరు పెట్టాడు. మన పొలం మాట శాస్త్రగ్రంథం ఎక్కిందన్నమాట!

తమాషా ఏమిటంటే, ఆస్ట్రేలియాలో మూతి పొడుగు జంతువును చూసి దానికీ ‘బ్యాండికూట్’ పేరే తగిలించారు. అది ఎలుక కాదు. పిల్లల్ని సంచిలో పెంచే జీవి, కంగారూకూ అమెరికా ఒపోసమ్‌కూ దూరపు చుట్టం. మట్టి తవ్వేటప్పుడు లోపల పడకుండా దాని సంచి నోరు వెనక్కి తెరుచుకుంటుంది. దాని శాస్త్రనామం ‘పెరామెలిస్’లో గ్రీకు సంచీ, లాటిన్ బ్యాడ్జరూ కలిశాయి.

మన పందికొక్కుకు సంచి లేదు. బొక్క నిండా వడ్ల వెన్నులు దాచుకుంటుంది. జనం సొమ్ము మెక్కేవాణ్ణి ‘పందికొక్కులా తింటున్నాడు’ అనడం అందుకే.