లక్క, డ్యూకో, ఒక పాత అంబాసిడరు

ఆంగ్లంలోని లాకర్ అన్న మాటకు మూలం వెతుకుతూ పోతే, పోర్చుగీసు భాష మీదుగా చుట్టు తిరిగి చివరికి మన లక్క దగ్గరికే చేరతాము. సంస్కృతంలో లాక్ష, హిందీలో లాఖ్, తెలుగులో లక్క. చెట్టుకొమ్మల మీద ఒక చిన్న పురుగు స్రవించే జిగురు అది. ఏటికొప్పాకలో తరిణె మీద తిరుగుతున్న అంకుడుకర్రకు రంగులద్దిన లక్కకడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. రంగు, రాపిడి, మెరుగు – ఈ మూడూ అక్కడ ఒకే చేతి పని. 1920లలో అమెరికాలో కార్లకు వేసిన కొత్త రంగుకు లాకర్ అని పేరు పెట్టారు గాని, అందులో లక్క చుక్కయినా లేదు. పేరొక్కటే మనది.

ఈ సంగతులన్నీ తవ్వవలసిన అవసరం నాకు ఎందుకు కలిగిందో ముందుగా మనవి చేస్తాను. నాన్నగారు 1986లో కొన్న అంబాసిడరు మార్క్ 4 మా వాకిట్లో ఉన్నది. లేత నీలం. ఆయన పోయిన తరువాత కొన్నేళ్ళు దానిని పట్టించుకున్నవారు లేరు. బానెట్టూ టాపూ సున్నం పూసినట్టు తెల్లబారాయి. వేలితో రాస్తే పొడి రాలుతుంది. చూడవచ్చిన పెయింటరు ఒక్క నిమిషంలో తీర్పు చెప్పాడు: "మొత్తం గీకించేసి కొత్తగా కొట్టిద్దాం సార్. పది రోజుల్లో షోరూం బండిలా ఉంటుంది." అతని మాటలో దోషమేమీ లేదు. అది అతని వృత్తి, ఆ పని బాగానే చేస్తాడని పేరు కూడా. కాని గీకేస్తే పోయేది ఏమిటో తెలుసుకోకుండా తలూపడానికి నాకు మనసొప్పలేదు. పది రోజులు గడువడిగాను. ఆ గడువు ఏడాదిన్నర సాగింది.

తొలినాటి మోటారుకార్లకు రంగు వేసినవాళ్ళు అంతకుముందు గుర్రపుబగ్గీలకు రంగు వేసినవాళ్ళే. పద్ధతీ అదే. అవిసె నూనెలో నూరిన రంగులు, టర్పెంటైను, పైన కోపల్ వంటి చెట్టుబంకలతో వండిన వార్నిషు. అన్నీ కుంచెతోనే. ఒక పూత ఆరాక దానిని పొంగురాతి పొడీ నీళ్ళూ కలిపి నున్నగా రుద్ది, దాని మీద మరొక పూత. ఇలా పది పన్నెండు పూతలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అవిసె నూనె ఆరడమంటే నీరు ఆవిరైనట్టు కాదు. గాలిలోని ప్రాణవాయువును మెల్లగా పీల్చుకొని గట్టిపడడం. దానికి తొందరపెడితే పని చెడుతుంది. అందువల్ల ఒక కారు రంగు ముగించుకొని బయటికి రావడానికి వారాలు పట్టేది. ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండు నుంచి తెప్పించుకోదలచిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఈ యుగానిదే. పసుపు ఆసఫ్‌జాహీల జెండా రంగు. ఆయన 1911లో కన్నుమూశాడు. బండి ఆ తరువాత వచ్చింది. చౌమహల్లా ప్రాసాదానికి వెళ్ళినవారు దానిని చూసే ఉంటారు.

రాజుగారికి ఒక్క బండి వారాల తరబడి ఆరితే ఇబ్బంది లేదు. రోజుకు వందల బండ్లు కట్టే ఫోర్డుకు మాత్రం అది కుదిరే పని కాదు. ఇక్కడ అందరూ చెప్పుకునే నల్లరంగు కథ వస్తుంది. నిజానికి 1908లో మోడల్ టి మొదలైనప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, బూడిదరంగు బండ్లు ఉండేవి. నలుపొక్కటే అన్న నియమం 1914 నుంచి 1925 దాకా మాత్రమే సాగింది. నలుపు త్వరగా ఆరుతుంది కాబట్టి అలా చేశారని సాధారణంగా అంటారు. నాకు మాత్రం చవక, మన్నిక అనే కారణాలే ఎక్కువ సబబుగా తోస్తాయి. ఆ నలుపులో ముఖ్యభాగం ఒకరకం నేలతారు. దానిని అవిసె నూనెతో కలిపి ఇనుపరేకు మీద పోసి పొయ్యిలో కాలుస్తారు. గట్టిగా పట్టుకుంటుంది, ఎండకు చెక్కుచెదరదు. కాని తారు స్వతహాగా నల్లన. దానిలో ఇంకే రంగూ పలకదు. దీనికి జపాన్ బ్లాక్ అని పేరు. జపానువాళ్ళ ఉరుషి అనే చెట్టుపాల పూతను అనుకరించబోయి ఐరోపావాళ్ళు చేసుకున్న నకలు ఇది. (రంగుల పేర్లలో ఒకరి సొమ్ము మరొకరి ఇంట్లో తేలడం కొత్తేమీ కాదని దీనివల్ల కూడా తెలుస్తున్నది.)

ముడి విప్పింది తుపాకీమందు. దూదిని నత్రికామ్లంలో ముంచితే వచ్చే నైట్రోసెల్యులోజు మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగులకు మేత. యుద్ధం ఆగింది, డ్యూపాంట్ కంపెనీ చేతిలో ఫ్యాక్టరీలు మిగిలాయి. ఈ పదార్థాన్ని ద్రావకంలో కరిగిస్తే తేనెకన్నా చిక్కన. స్ప్రే చేయడానికి తగినంత పలచన చేస్తే పూతలో సరుకే మిగలదు. 1920లో వారి ప్రయోగశాలలో దానిని చిక్కదనం లేకుండా, సరుకు తగ్గకుండా కరిగించే దారి దొరికింది. దాని ఫలితమే డ్యూకో. జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కార్లు 1924 మోడల్‌కు ఈ రంగుతో, నీలంలో, వెలువడ్డాయి. వారాల పని గంటల్లోకి దిగింది. ఆ కంపెనీ పరిశోధనాధిపతి కెటరింగ్ గురించి ఒక కథ ఉంది. కొత్త రంగును నమ్మని ఒక పెద్దమనిషిని భోజనానికి పిలిచి, నీకిష్టమైన రంగేదని మాటల్లో అడిగి తెలుసుకొని, వారు భోంచేసి వచ్చేలోగా అతని కారుకే ఆ రంగు కొట్టించి నిలబెట్టాడట. జరిగినా జరగకపోయినా ఆ రోజుల ఆశ్చర్యం అందులో ఉంది.

సినిమా ఫిల్ము కూడా ఆ కాలంలో ఈ నైట్రోసెల్యులోజుతో చేసినదే. 1932 నాటి 'భక్త ప్రహ్లాద'ను తెర మీదికి తెచ్చిన ఫిల్మూ, అదే కాలంలో మన జమీందార్ల కార్ల మీది రంగూ దాయాదులన్నమాట! డ్యూకో పేరు మన దేశంలో ఎంతగా నాటుకుపోయిందంటే, ఇప్పటికీ వడ్రంగులు బీరువాకు "డ్యూకో కొట్టించాలా?" అని అడుగుతారు. లక్క పేరు పెట్టుకున్న అమెరికా రంగు తిరిగి మన నిర్మల్ బొమ్మల మీదికి కూడా చేరింది.

కాని డ్యూకో సమయాన్ని ఊరికే మిగల్చలేదని నా అభిప్రాయం. అది గన్ను నుంచి వచ్చి ఆరినప్పుడు మెరవదు. సన్నని గరకుతో రుద్దితేనే మెరుస్తుంది. కొంతకాలానికి ఎండకు మళ్ళీ మసకబారుతుంది, మళ్ళీ రుద్దాలి. ఫ్యాక్టరీ ఆదా చేసుకున్న ఓపికను కారు కొన్నవాడు తన ఆదివారాలతో చెల్లించవలసి వచ్చింది. రబ్బింగ్ కాంపౌండ్లు, మైనాలు ఇంటింటి వస్తువులైనది ఈ కాలంలోనే. బ్రెజిల్ ఈశాన్యంలో కార్నూబా అనే తాటిజాతి చెట్టు ఉంది. ఎండకు నీరు ఇగిరిపోకుండా తన ఆకుల మీద మైనం పూసుకుంటుంది. ఆ ఆకులను కోసి, ఎండబెట్టి, దులిపి తీసే మైనం 80 డిగ్రీలు దాటితేగాని కరగదు. చెట్టు తనకోసం చేసుకున్న గొడుగును మనిషి కారుకు పట్టాడు.

1930ల నాటికి మరొక జాతి రంగు వచ్చింది: ఆల్కిడ్ ఎనామెల్. మనవాళ్ళ నోట సింథటిక్ ఎనామెల్. డ్యూకో కేవలం ద్రావకం ఎగిరిపోవడం వల్ల ఆరుతుంది. కనుక ఎన్నేళ్ళయినా థిన్నరు తగిలితే తిరిగి కరుగుతుంది. ఎనామెల్ అలా కాదు. అవిసె నూనెలాగే గాలితో కలిసి లోపల వల అల్లుకుంటుంది, ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. ఈ రెండింటిలోనూ రంగే పైపొర. 1980ల నుంచి వ్యాపించిన పద్ధతిలో రంగు అడుగున ఉండి, దాని మీద క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. ఆ క్లియర్‌కోట్ పొరలుగా లేచిపోతే పాలిష్ చేసి లాభం లేదు, మళ్ళీ పెయింటు కొట్టించవలసిందే. రంగే పైపొర అయినచోట మాత్రం ఆశ ఉంది.

మా బండి ఏ జాతిదో తెలుసుకోవడానికి డిక్కీ మూత లోపలివైపు, ఎవరికీ కనపడని చోట, దూదితో థిన్నరు అద్దాను. కరగలేదు, కాస్త మెత్తబడి ముడతపడింది. తెల్లగుడ్డకు పాలిష్ అద్ది తలుపు మీద రుద్దితే గుడ్డ నీలమైంది. ఎనామెల్, పైన క్లియర్‌కోట్ లేదు.

మరి ఆ తెల్లటి పొడి ఏమిటి? ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగురేణువులను పట్టి ఉంచే జిగురును తెంచుతాయి. లేత రంగుల్లో కలిపే టైటానియం డయాక్సైడు, ముఖ్యంగా అందులో అనటేజ్ అనే రకం, ఈ తెంపుడుకు తోడ్పడుతుంది. జిగురు పోయిన రేణువులు వదులై పైన పొడిగా నిలుస్తాయి. నీలానికి కారణమైన థాలోసయనిన్ మాత్రం మహా మొండిది. స్కాట్లండులోని ఒక రంగుల కర్మాగారంలో 1928లో అనుకోకుండా కంటపడి, 1935లో బజారుకెక్కిన ఈ రంగు ఎండకు ఒక పట్టాన వెలవదు. ఎర్ర కార్లకు ఆ అదృష్టం లేదు. అంటే మా బండి వెలిసిపోలేదు. దాని నీలం తెల్లపొడి కింద భద్రంగానే ఉంది.

రుద్దడానికి ముందు రంగు మందం కొలిచే చిన్న పరికరం ఒకటి తెచ్చాను. కారు రంగు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. తలవెంట్రుక 70 మైక్రాన్లు అనుకుంటే మహా అయితే రెండు వెంట్రుకలకు కాస్త అటూ ఇటూ. తలుపుల మీద 120 చిల్లర చూపింది. బానెట్ అంచుల దగ్గర అందులో సగం. నాన్నగారు ప్రతి సంక్రాంతికీ చేసిన పాలిష్ అక్కడ లెక్కకు వచ్చింది. మెరుగు పెట్టడమంటే కొంత రంగును ఖర్చు పెట్టడమే. ఆయన ఎంత ఖర్చు పెట్టాడో, నాకెంత మిగిల్చాడో ఆ అంకెల్లో తెలిసింది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు దగ్గర మాత్రం పరికరం 600 దాటింది. పుట్టీ! అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలి, సరిచేసి, రంగు కలిపి కొట్టించారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మను అడిగితే, "మీ నాన్న బండి ఎవరికైనా తగిలించడమా!" అని నన్నే కోప్పడింది.

ఆ రోజుతో గీకించే ఆలోచన మానుకున్నాను. మరొక కారణం కూడా చెప్పాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పసుపు, నారింజ రంగుల్లో సీసపు క్రోమేటు. పాత ప్రైమర్లలో ఒకటైన రెడ్ లెడ్ సాక్షాత్తూ సీసపు సింధూరమే. షెడ్లలో కుర్రవాళ్ళు ముక్కుకు జేబురుమాలు కట్టుకొని పొడిగా గీకడం మనమందరం చూస్తూనే ఉన్నాము. గీకక తప్పనివారు వాటర్ పేపరుతో తడిపి గీకించండి, దయచేసి.

ఇక చేసిన పని. మా బోరునీళ్ళు ఆరితే తెల్లమచ్చలు పడతాయి కనుక, వాననీటితో కడిగి వెంటనే తుడిచాను. తరువాత గరకు ఏమాత్రం లేక నూనెపాలు ఎక్కువగా ఉన్న పాలిష్‌ను దట్టంగా పట్టించి రాత్రంతా వదిలేశాను. రేణువుల మధ్య జిగురు పోయి ఏర్పడిన సందుల్లో కాంతి చెల్లాచెదరవడం వల్లనే తెలుపు కనిపిస్తుంది. ఆ సందుల్లో నూనె చేరితే రంగు తిరిగి పలుకుతుంది. నీళ్ళు పడిన నాపరాయి నల్లబడుతుందే, ఆ సూత్రమే. మర్నాడు నూలు తువ్వాలుతో, చేత్తోనే, తేలికగా తుడిస్తే పొడి వచ్చేసింది. మూడు ఆదివారాలు ఇలాగే. ఆ తరువాతగాని సన్నరకం పాలిష్ ముట్టుకోలేదు, అదీ అంచులను వదిలి. చివర కార్నూబా మైనం.

సిరామిక్ కోటింగు వేయించమని మిత్రులు సలహా ఇచ్చారు. కొత్త కార్లకు మంచిదే కావచ్చు. కాని అది వదలాలంటే మళ్ళీ గరకుతో అరగదీయాలి, నా దగ్గర అరగదీయడానికి అంత రంగు లేదు. మైనం రెండు నెలల్లో తనంతట తానే పోతుంది. పురావస్తుశాలల్లో చిత్రాలకు మరమ్మతు చేసేవారు, చేసినదాన్ని తిరిగి తీసేయగలిగేలా చేయాలంటారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ పత్రంలోనూ మూలరూపాన్ని కాపాడడానికే పెద్దపీట. మన దేశంలో 2021 నిబంధనలు వింటేజ్ గుర్తింపుకు 50 ఏళ్ళు నిండి, మూలరూపం చెడకుండా ఉండాలన్నాయి. మా బండికి 2036 దాకా ఆ యోగం లేదు. ప్లాస్టిక్ టార్పాలిన్ మాత్రం కప్పవద్దు. లోపల చెమ్మ చేరి రంగు పొక్కుతుంది. రేకుల నీడ చాలు. పక్షి రెట్టలు మాత్రం ఎండెక్కకముందే తడిగుడ్డ పెట్టి నానబెట్టి తీయాలి.

పెయింటరు మొన్న వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. ఎడమ మడ్‌గార్డు దగ్గర ఆగి, "ఇది వేరే చెయ్యి సార్, నీలం ఒక పిసరు పచ్చగా కొట్టింది, సరిచేయమంటారా?" అన్నాడు. ఇన్నేళ్ళూ తెల్లపొడి కింద దాగిన తేడా అది, మెరుగు పెట్టాక బయటపడింది. వద్దన్నాను. సాయంత్రపు ఏటవాలు ఎండలో చూస్తే మాత్రం బాగానే కనిపిస్తుంది.